చిట్టి తెరచాప పడవల పందెము

వానకాలమున వీథికాలువలు నిండి పారునపుడు కాగితపు పడవలు చేసి విడువని బాలబాలికలు ఉండరు. ఈ విద్యను వారికి ఎవరును ప్రత్యేకముగా నేర్పరు. అన్న చేయుట చూచి తమ్ముడు చేయును; అక్క చేయుట చూచి చెల్లెలు చేయును. అయితే కాగితపు పడవను నీటిలో విడుచువరకే బాలుని పని. ఆ తరువాత దానిని నడపునది ప్రవాహము. అది ఎంతదూరము పోయినను మెచ్చుకొనువారు లేరు, మునిగినను నిందించువారు లేరు.

అదే పడవకు తెరచాప కట్టి, నిలుకడగా ఉన్న నీటిలో ఉంచి, దాని ప్రక్కనే మరియొక బాలుని పడవను నిలిపినచో ఆట స్వరూపమే మారిపోవును. అప్పుడది పందెమగును. పందెమన్న తరువాత ఒకరు గెలుతురు, ఒకరు ఓడుదురు. అందుచేత నియమములు కావలెను. ఆ నియమములను పక్షపాతము లేక నడుపువారు కావలెను. ఇట్టి పందెమును బాలుర సంఘములు ఎట్లు నడుపుచున్నవో, అందులో ఏయే విషయములు గమనింపదగినవో తెలిసికొనుట ఉపయోగకరము.

బాలురను చిన్న చిన్న దళములుగా కూర్చి ఆటపాటల ద్వారా క్రమశిక్షణ నేర్పు స్కౌటు ఉద్యమము ఇంగ్లండులో పుట్టినది. 1907వ సంవత్సరమున బేడెన్ పవెల్ అను సైన్యాధికారి బ్రౌన్‌సీ అను చిన్న ద్వీపమున కొందరు బాలురతో ప్రయోగాత్మకముగా ఒక శిబిరము నడిపెను. స్కౌటులలో చేరుటకు తగిన వయస్సు రాని చిన్నపిల్లలు తమకును ఏదైన కావలెనని కోరగా 1916లో వారి కొరకు 'కబ్' శాఖ ఏర్పడినది. కబ్ అనగా తోడేలుకూన. అమెరికాలో ఈ శాఖ 1930లో ప్రారంభమయ్యెను. మన దేశమున 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ స్థాపితమైనది. అందులో చిన్న బాలురను కబ్బులనియు, చిన్న బాలికలను బుల్‌బుల్‌లనియు పిలుతురు. 'కోశిశ్ కరో', అనగా శక్తికొలది ప్రయత్నింపుము అనునది మన దేశపు కబ్బుల నినాదము.

అమెరికా కబ్బుల పందెములలో మిక్కిలి ప్రసిద్ధమైనది కొయ్య కార్ల పందెము. దాని పుట్టుక తెలిసికొనదగినది. కాలిఫోర్నియా రాష్ట్రమున మాన్‌హట్టన్ బీచ్ అను ఊరిలో డాన్ మర్ఫీ అను నాయకుడుండెను. ఆ రోజులలో బాలురు తాము కూర్చుండి నడుపు ఇంజను లేని బండ్ల పందెము ఒకటి దేశమంతట జరుగుచుండెను. మర్ఫీ కుమారునకు అందులో పాల్గొను వయస్సు రాలేదు. అందుచేత ఆయన చిన్నపిల్లలు సైతము చేయగల చిన్న కొయ్య కార్లను, అవి జారుటకు ఏటవాలు బాటను కల్పించి, 1953వ సంవత్సరమున తొలి పందెము జరిపించెను. వయస్సు చాలదని వెలిగా నిలిచిన ఒక పిల్లవానిని గూర్చిన ఆలోచన నుండి ఆ ఆట పుట్టినది. దానికి తోబుట్టువు వంటిదే తెరచాప పడవల పందెము. అమెరికాలో దీనిని 'రెయిన్ గట్టర్ రెగాటా' అందురు. రెయిన్ గట్టర్ అనగా ఇంటిచూరు నుండి పడు వాననీటిని పట్టి మళ్లించు కాలువ. రెగాటా అనునది ఇటలీ దేశపు వెనిస్ నగరమున పడవ పందెములకు గల పేరు. ఆ పేరే తరువాత లోకమంతట వాడుకలోనికి వచ్చినది.

ఈ పందెమునకు కావలసిన సామగ్రి స్వల్పము. సుమారు 10 అడుగుల పొడవుగల చూరుకాలువలు రెండు తెచ్చి, కొనలు మూసి, బల్లలపై ప్రక్కప్రక్కన ఉంచి, నీటితో నింపుదురు. పడవ పొడవు సుమారు 7 అంగుళములు. దానిపై సుమారు ఆరున్నర అంగుళముల కొయ్య నిలిపి తెరచాప కట్టుదురు. ఒక్కొక్క కాలువలో ఒక్కొక్క పడవ ఉండును. సంకేతము వినబడగానే బాలుడు తన పడవ వెనుక నిలిచి తెరచాపపై ఊదును. కొందరు నోటితోనే ఊదుదురు. కొన్ని చోట్ల గొట్టపు పుల్లతో ఊదింతురు. పడవను చేతితో తాకరాదు. ఎవరి పడవ ముందుగా ఆవలి కొనను తాకునో వారు గెలిచినట్లు.

చూచుటకు ఇది సులభముగానే తోచును. కాని పడవ చేయుటలో ప్రకృతిశాస్త్రమున మొదటి పాఠములన్నియు ఇమిడి ఉన్నవి. నీటిలో తేలు వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని ప్రక్కకు తొలగించునని ఆర్కిమెడిస్ కనుగొనెను. పడవ బరువు 40 గ్రాములైనచో అది 40 ఘనసెంటీమీటర్ల నీటిని తొలగించును. బరువు హెచ్చిన కొలది పడవ లోతుగా దిగును. దిగిన కొలది నీరు దానిని ఎక్కువగా అడ్డగించును. అందుచేత తేలికయైన కొయ్య మంచిది. అమెరికాలో బాల్సా అను కొయ్యను విరివిగా వాడుదురు. తెలుగుదేశమున కొండపల్లి బొమ్మలు చేయు తెల్లపొనికి కొయ్య తేలికయైనది, మెత్తనిది. ఉలికి సులభముగా లొంగును. పెండ్లి బాసికములకు వాడు జీలుగుబెండు ఇంకను తేలిక. కొయ్యను ఉప్పుకాగితముతో నున్నగా రుద్ది, పైన రంగుగాని వార్నిషుగాని పూయవలెను. పూయనిచో కొయ్య నీరు పీల్చి పందెము సాగుచుండగనే బరువెక్కును.

తేలికతనము ఒక్కటియే చాలదు; నిలుకడయు కావలెను. తెరచాప పెద్దదైన కొలది గాలిని ఎక్కువగా పట్టును. కాని ఆ గాలియే పడవను ఒరగద్రోయును. ఒరగకుండుటకు పడవ అడుగున నిలువుగా పలుచని పలక నొకదానిని అమర్చుదురు. దాని అంచున చిన్న ఇనుపమేకు గుచ్చినచో బరువు క్రిందికి చేరి పడవ తిన్నగా నిలుచును. ఈ పనికి సీసము వాడరాదు. అది విషపదార్థము గనుక పిల్లల చేతికి ఈయదగినది కాదు. పడవ వెనుక భాగమున చుక్కానిని కదలకుండ అతికింపవలెను. బాణము చివర ఈకలు బాణమును ఎట్లు సూటిగా నడిపించునో చుక్కాని పడవను అట్లు నడిపించును. తెరచాపను మైనపు కాగితముతోనో పలుచని ప్లాస్టిక్కుతోనో చేసినచో తడిసి వ్రేలాడదు. దానిని చదునుగా గాక, ఊదువాని వైపు కొంచెము గుంటగా ఉండునట్లు వంచినచో ఊపిరి ప్రక్కలకు జారిపోక దానియందు నిలుచును.

ఊదుటలో సైతము నేర్పున్నది. తెరచాప కొనపై ఊదినచో పడవ ముక్కు నీటిలోనికి క్రుంగును. ఎత్తున తగిలిన బలము కొయ్యను మీటవలె త్రిప్పుటయే దానికి కారణము. తెరచాప క్రింది సగమున, నడుమకు సూటిగా ఊదినచో పడవ వంగక ముందుకు సాగును. ఒక ప్రక్కగా ఊదినచో కాలువ గోడను రాచుకొని నిలిచిపోవును. కావున బలముగా ఊదువాడు గెలుచునను నిశ్చయము లేదు. తన పడవ నడతను ముందుగా పరీక్షించి తెలిసికొనినవాడు తక్కువ ఊపిరితోనే ఆవలి కొన చేరవచ్చును.

ఇక కాలువలను సిద్ధము చేయు విధము. చూరుకాలువలు దొరకనిచోట వెడల్పైన ప్లాస్టిక్కు గొట్టమును నిలువునా రెండుగా కోసినను సరిపోవును. పొలములకు నీరు పారించు తాటిదోనె వంటిదైనను పనికివచ్చును. 3 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతుగల నీటి పరిమాణము 18,000 ఘనసెంటీమీటర్లు, అనగా 18 లీటర్లు. దాని బరువు 18 కిలోగ్రాములు. ఇంత బరువునకు పలుచని కాలువ నడుమ క్రుంగును. అందుచేత రెండు కొనలయందే గాక మధ్యను సైతము ఆధారములు ఉంచవలెను. కాలువ మట్టముగా ఉన్నదో లేదో చూచుటకు తాపీపనివాని రసమట్టము దొరికినచో మంచిదే. దొరకకున్నను నీరే మట్టము చూపును. రెండు కొనల లోతును కొలబద్దతో కొలిచి సమానముగా ఉన్నచో చాలును. రెండు కాలువలలోను నీటి లోతు ఒక్కటిగానే ఉండవలెను. లోతు చాలనిచో పడవ అడుగు నేలను రాచును. ఒక కాలువలో రాచి రెండవదానిలో రాయకున్నచో ఆ పందెము పందెము కాదు. పందెమునకు ముందు ఒకే పడవను రెండు కాలువలలోను నడిపించి చూచుట మంచి పద్ధతి.

పడవ చేయుట మొదలుకొని పందెము రోజు వరకు కనీసము నాలుగు వారముల వ్యవధి ఉండవలెను. మొదటి సమావేశముననే పడవ కొలతలను, ఊదవలసిన విధమును, తాకరాదను నియమమును వ్రాసి అందరికిని ఈయవలెను. కొయ్యముక్క, కొయ్యపుల్ల, తెరచాప గుడ్డ సంఘమే కొని అందరికిని ఒకే రకమువి పంచుట ఉత్తమము. అట్లు చేయనిచో ధనవంతుని బిడ్డ పడవ ఒక రీతిగను, పేదవాని బిడ్డ పడవ మరియొక రీతిగను ఉండును. పోటీ చేతిపనిలో ఉండవలెనే గాని సంచిలోని ధనములో ఉండరాదు.

ఇక్కడనే నాయకులు మిక్కిలి జాగరూకులై ఉండవలసిన విషయమొకటి కలదు. ఇంటికి పంపిన కొయ్యముక్క కొన్ని వేళల తండ్రి చేతిలో పడును. తండ్రి నేర్పరియైనచో చిత్రిక పట్టి, నునుపుచేసి, అద్దమువలె మెరయు పడవను చేయును. కుమారుడు ప్రక్కన నిలిచి చూచును. పందెమున ఆ పడవ గెలిచినను గెలుపు ఎవరిదో కుమారునకు తెలియును. తన చేతులతో వంకరటింకరగా చేసికొని వచ్చిన ప్రక్క బాలుడు దానిని చూచి సిగ్గుపడి తన పడవను వెనుకకు దాచుకొనును. ఈ రెండును బాలుర మనస్సులకు హాని చేయునవే. దీనికి విరుగుడు కఠినమైన విచారణ కాదు. పడవలను ఇంటివద్ద గాక సంఘపు సమావేశములందే, పెద్దల కన్నుల యెదుట చేయించుటయే సులభోపాయము. కోతపని, ఉలిపని అపాయకరములు గనుక వాటిని పెద్దలు చేయవచ్చును. రుద్దుట, అతుకుట, రంగు వేయుట, తెరచాప కట్టుట బాలుడే చేయవలెను. ఈ విభజనను ముందుగనే ప్రకటించినచో ఎవరికిని నొప్పి కలుగదు.

పందెము రోజున నాయకులు పనులు పంచుకొనవలెను. ఒకరు పడవలను కొలిచి సంఖ్యలు వ్రాయుదురు. కొలిచిన పడవలను పందెము ముగియువరకు ఒక బల్లపై ఉంచవలెను. తరువాత మార్పులు చేయరాదు. ఒకరు బయలుదేరు సంకేతము ఇత్తురు. ఇద్దరు ఆవలి కొనయందు నిలిచి ముందు చేరినదానిని నిర్ణయింతురు. ఒకరు ఫలితములను అందరికిని కనబడునట్లు నల్లబల్లపై వ్రాయుదురు. నిర్ణేతలిద్దరికి భిన్నాభిప్రాయము కలిగినచో వాదింపక మరల పందెము జరుపుటయే మేలు. పడవ బోల్తాపడినచో ఏమి చేయవలెనో ముందే చెప్పి ఉండవలెను. పడవను పడినచోటనే సరిచేసికొని మరల ఊదవచ్చునని నియమించిన చిన్నపిల్లలకు అనుకూలముగా ఉండును.

పందెముల వరుసను నిర్ణయించుట అన్నిటికంటె ముఖ్యమైన పని. సాధారణముగా జరుపు పద్ధతి ఇది: 16 మంది బాలురున్నచో 8 జతలు చేయుదురు. గెలిచిన 8 మంది మిగులుదురు. తరువాత నలుగురు, ఆ తరువాత ఇద్దరు, తుదకు ఒక్కడు. మొత్తము 15 పందెములు. ప్రతి పందెమునను ఒక్కడు వెలియగును. విజేత తప్ప 15 మంది వెలికావలెను గనుక పందెములును 15. లెక్క ముచ్చటగా ఉన్నది. కాని దానిని ఓడిన బాలుని వైపు నుండి చూడవలెను. నాలుగు వారములు కష్టపడి పడవ చేసికొని వచ్చిన 8 మంది తమ మొదటి పందెముతోనే ముగిసిపోవుదురు. తల్లిదండ్రులు వచ్చి కూర్చున్న సభలో వారి పడవ నీటిపై ఉండునది కొన్ని క్షణములు మాత్రమే. మిగిలిన కాలమంతయు వారు ఇతరుల ఆట చూచుచు కూర్చుండవలెను.

దీనికంటె మంచి పద్ధతి కలదు. 16 మందిని నలుగురేసి చొప్పున 4 జట్లుగా విభజింపవలెను. ప్రతి జట్టులోను ఒక్కొక్కడు మిగిలిన ముగ్గురితోను పోటీ చేయును. మొదట 1, 2 సంఖ్యలవారు, 3, 4 సంఖ్యలవారు; తరువాత 1, 3 వారు, 2, 4 వారు; కడపట 1, 4 వారు, 2, 3 వారు. జట్టునకు 6 పందెములు, 4 జట్లకు 24. జట్టులో ఎక్కువ పందెములు గెలిచినవాడు ముందునకు పోవును. ఇద్దరు ముగ్గురు సమానముగా నిలిచినచో వారికి మరల పందెము పెట్టవచ్చును. ఆ నలుగురు జట్టు విజేతలకు మూడు పోటీలు మిగులును. ఈ చివరి పోటీలలో కాలువలు మార్చి మార్చి ఊదించి, మూడింట రెండు గెలిచినవాని పక్షమున తీర్పు చెప్పినచో కాలువలలోని తేడా ఎవరికిని లాభింపదు. మొత్తము సుమారు 33 పందెములు. ఒక్కొక్కదానికి ఏర్పాటుతో సహా 2 నిమిషములు పట్టినను గంటకు పైచిలుకులో ముగియును. మొదటి పద్ధతికంటె అరగంట ఎక్కువ పట్టును. ఆ అరగంటకు ప్రతిఫలముగా ప్రతి బాలుడును కనీసము మూడుమారులు తన పడవను నడుపుకొనును. మొదటిమారు ఎక్కడ తప్పినదో తెలిసికొని రెండవమారు దిద్దుకొనును.

ఇందులో ఆరోగ్య విషయమును మరువరాదు. ఎడతెగక బలముగా ఊదినచో తల తిరుగును. ఊపిరితో బొగ్గుపులుసు వాయువు అధికముగా వెలువడి రక్తమున తగ్గుటయే దానికి కారణము. అందుచేత ఒకే జట్టు పందెములను వరుసగా జరుపక, ఒక జట్టు తరువాత మరియొక జట్టును పిలిచి, బాలురకు విశ్రాంతి కల్పింపవలెను. గొట్టపు పుల్లలు వాడినచో ఒకరిది మరియొకరు వాడరాదు. ఉబ్బసము గల పిల్లలు, దుర్బలులైన పిల్లలు ప్రతి సంఘమునను ఉందురు. వారిని చూచుచు కూర్చుండుమనుట న్యాయము కాదు. వారున్న జట్టులో అందరును ఊపిరికి బదులు తాటాకు విసనకర్రతో వీచవలెనని నియమించినచో వారును సమానులై ఆడగలరు. ఒక్కరికి మాత్రమే విసనకర్ర ఇచ్చినచో అది దయగా కనబడును. అందరికిని ఇచ్చినచో అది ఆట నియమముగా ఉండును.

తుదకు బహుమతుల విషయము. వేగమునకు ఒక బహుమతి ఉండుట సహజము. దానితోపాటు చక్కని రంగులకు, నేర్పైన తెరచాపకు, కలిసివచ్చిన మంచి నడతకు బహుమతులీయవచ్చును. అయితే అందరికిని ఏదో ఒక బహుమతి ఈయవలెనని లేని గొప్పలు కల్పించి పొగడుట తగదు. పిల్లలు అట్టి పొగడ్తను ఇట్టే గుర్తింతురు. పాల్గొన్న ప్రతివానికి ఒక గుడ్డ పతకమిచ్చి, అతని పేరును, అతడు చేసిన పడవ సంఖ్యను సభలో చదివిన చాలును.

గెలిచినవానిని గూర్చి ఎవరును చింతింపనక్కరలేదు. అతని సంతోషము అతనిని చూచుకొనును. పందెము నడుపువాని శ్రద్ధ అంతయు ఓడినవానిపై ఉండవలెను. అతనికి న్యాయమైన కాలువ దొరికినదా, అతని పడవ అతని చేతిపనియేనా, అతనికి మరల ప్రయత్నించు అవకాశము కలిగినదా అని విచారింపవలెను. ఈ మూడింటికిని ఔనను సమాధానము వచ్చినచో ఓడిన బాలుడు తడిసిన పడవను తుడిచి చంకన పెట్టుకొని, ఈమారు తెరచాపను ఇంకను క్రిందికి కట్టవలెనని ఆలోచించుచు ఇంటికి పోవును.